లోపలిది పైన, బయటిది కింద

కంచు తన ఇష్టం వచ్చినప్పుడు కరుగుతుంది. పక్కన నిలబడి ఎంత గింజుకున్నా, గడియారం ఎన్నిసార్లు చూసుకున్నా దానికి లెక్క లేదు. ఈ సంగతి పోతమేస్త్రీ ప్రతి పోతకీ ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది గానీ బొమ్మలావిడకు ఎన్నడూ చెప్పలేదు, ఎందుకంటే పోత రోజున ఆవిడంత నిశ్చింతగా కూర్చునే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చేయాల్సినదంతా అయిపోయింది. మట్టితో బొమ్మ చేయడం తన వంతు, దాని మీంచి తీసిన మైనాన్ని గోటితో, చాకుతో దిద్దడం తన వంతు, ఆ మైనం చుట్టూ అచ్చు కట్టడంలో సగం తనది సగం మేస్త్రీది, అచ్చును కాల్చి లోపలి మైనమంతా కరిగించి పోగొట్టడం పూర్తిగా మేస్త్రీది. ఇప్పుడు మైనం ఉన్న చోటల్లా ఖాళీ, ఆ ఖాళీలోకి కంచు పోస్తే అదే బొమ్మ. ఇసుక గుంటలో మెడదాకా పూడ్చిన నాలుగు అచ్చులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి, ఒకటి మొండెం, ఒకటి తలా చేతులూ, ఒకటి కుడికాలు, ఒకటి ఎడమకాలు. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, చల్లారిపోయిన టీ గ్లాసును పొట్ట మీద నిలబెట్టుకుని, ఇంత బాగా ఇంతకు ముందెప్పుడూ చేయలేదు అనుకుంది. అనుకోవడానికి మొహమాటపడలేదు. ఎవరో పొగిడేదాకా ఆగడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

పక్క కుర్చీలో ఈల టీచర్ నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి, మెడలో ఈల గుండెల మీద పైకీ కిందికీ కదులుతుండగా. కొలిమి అంత గోల చేస్తున్నా ఆవిడకు పట్టలేదు. వందమంది పిల్లలు ఒక్కసారి నీళ్ళలో అరిచే గోలలో బతుకంతా గడిపిన మనిషికి ఇదొక గోలా? ఆవిడకో అసలు పేరు ఉండే ఉంటుంది, కానీ ఊరికి ఈల టీచరే. తాతకూ కొడుక్కూ మనవరాలికీ ఈత నేర్పింది ఆవిడే. పాత ఈతకొలను పగలగొట్టి కొత్తది కట్టారు, వచ్చేవారం తెరుస్తారు, గేటు దగ్గర ఆవిడ నిలువెత్తు కంచుబొమ్మ, ముసుగు ఆవిడ చేతే తీయిస్తారు. కొలను కమిటీ పెద్దాయన ఈ మాట చెప్పినప్పుడు బొమ్మలావిడ ఒక్కటే అంది, "నేను చెప్పిన రోజుకి ఇవ్వనిది ఇంతవరకు లేదండీ." నిజమే, లేదు. పోత చూడడానికి ఈల టీచర్ తనంతట తానే ఆటో ఎక్కి వచ్చేసింది. "నన్ను పోస్తుంటే నేను లేకపోతే ఎలాగే కప్పా?" అంది. కప్ప అంటే బొమ్మలావిడే. పెళ్ళయ్యాక, ఒక పిల్లను కన్నాక, బుడ్డపిల్లల బ్యాచిలో చేరి ఈత నేర్చుకుంది. ఎంత కొట్టినా కప్ప ఈత తప్ప ఇంకోటి రాలేదు. నిండా మునిగినవాడికి చలేమిటని ఆ పేరుకు అప్పుడే అలవాటు పడిపోయింది.

నిద్రలో టీచర్ చెప్పులు జారిపోయాయి. కుడికాలు నేల మీద, ఎడమకాలు ఎవరో వదిలేసిన ఇటుక మీద. బొమ్మలావిడ చూపు ఆ కాళ్ళ మీద వాలింది, పనిగట్టుకుని కాదు. మంగలి తలలు చూసినట్టు ఆవిడ ఎక్కడికెళ్ళినా చీలమండలు చూస్తుంది. బ్యాంకులో క్యూలో చూస్తుంది, ఆస్పత్రిలో చూస్తుంది, బస్సులో పైన కడ్డీ పట్టుకుని కింద చూస్తుంది. మొగుణ్ణి కూడా ముందు అక్కడే చూసింది. ఎవరింట్లోనో విందులో బల్ల కింద ఆయన మేజోళ్ళు లేని కాళ్ళు కనిపించాయి, చీలమండకు రెండు వైపులా రెండు గుబ్బలు, చెక్కి పెట్టినట్టు, లోపలిది పైన, బయటిది కింద; మొహం తర్వాత చూసింది, మొహం కూడా ఫరవాలేదు. "నీకు నా కాళ్ళు తప్ప ఏం నచ్చాయే?" అని ఆయన ఇప్పటికీ అడుగుతాడు. "అంతకంటే ఏమున్నాయి?" అంటుంది. లోపలిది పైన, బయటిది కింద. రెండూ సమానంగా పెట్టావో, ఆ కాలు మనిషి కాలు కాదు, కుర్చీ కాలు. బొమ్మలు చేసే బడిలో మొదటి ఏడాది అందరూ చేసే తప్పు అదే, ఎవరి బొమ్మ చూసినా రెండు వైపులా రెండు రేగుపళ్ళు ఒకే వరసలో అతికించినట్టు.

ఆ తప్పు మానిపించినవాడు ఎముకల డాక్టరు. వారానికోసారి బడికి వచ్చి పాఠం చెప్పేవాడు, పొట్టిగా, ఎప్పుడూ జేబులో ఏదో ఒక ఎముకతో; తన సైకిల్ స్టాండు వేసినట్టే బల్ల మీద కాలు వేసి, ప్యాంటు పైకి లాగి, మేజోడు కిందికి లాగి, ఇదేంటి అని అడిగేవాడు. చీలమండ అంది ఒకమ్మాయి. చీలమండ అంటే మొత్తం కీలు, ఈ పొడుచుకొచ్చినదేంటి?  బొమ్మలావిడకు నోటిదాకా వచ్చింది గోలీ అని, ఎందుకంటే వాళ్ళమ్మ అలాగే అనేది, స్నానం చేయిస్తూ కాలు పట్టుకుని, "ఈ గోలీల చుట్టూ ఇంత మట్టి ఎక్కణ్ణించి తెస్తావే, ఊళ్ళో ఉన్నదంతా నీకేనా?" అంటూ పీచుతో చర్మం ఊడేలా రుద్దేది, ఆ రుద్దుడు తలుచుకుంటే ఇప్పటికీ కాలు వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. అమ్మ రుద్దితే పోయింది మట్టే గాని గోలీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరు అన్నాడు, మాలియోలస్. పలకమన్నాడు. అందరూ పలికారు. అది లాటిన్ మాట, అర్థం చిన్న సుత్తి, బుల్లి సుత్తి అనుకోండి. సుత్తిలా ఎక్కడుంది సార్ అని ఈవిడే అడిగింది, ఎందుకంటే సుత్తి ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికంటే ఈవిడకే బాగా తెలుసు. ఆయన నవ్వి, పేరు పెట్టినవాడు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో, ఇప్పుడెవరిని అడుగుతాం, నువ్వు పేరు గుర్తుపెట్టుకోవడం కాదు, ఇంకో సంగతి గుర్తుపెట్టుకో అన్నాడు: ఇవి విడి ఎముకలు కావు. మోకాలి నుంచి కిందికి రెండు ఎముకలు దిగుతాయి, లావుది లోపల, సన్నది బయట, వాటి కొసలే ఈ గుబ్బలు. లావుది ముందే ఆగిపోతుంది, సన్నది ఇంకాస్త కిందికి పోతుంది. ఆ రెంటి మధ్య పాదం ఎముక ఇరుక్కుని ఉంటుంది, పటకారులో పట్టిన మేకులాగా. అందుకే మనిషి నిలబడగలుగుతున్నాడు. లోపలిది పైన, బయటిది కింద. ఈ ఒక్కటి చేతికి వస్తే మీకు నిలబడిన మనిషి వస్తాడు, లేకపోతే జీవితమంతా తేలుతున్న మనుషుల్ని చేస్తారు అన్నాడు.

చేతికి వచ్చింది. ఎంతగా వచ్చిందంటే కళ్ళు మూసుకుని చేయగలదు, మాట్లాడుతూ చేయగలదు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూతురితో పోట్లాడుతూ కూడా చేయగలదు. ఎడమ బొటనవేలు లోపలి గుబ్బను నొక్కి పెడుతుంది, కుడి బొటనవేలు బయటిదాన్ని కాస్త కిందికి, కాస్త వెనక్కి లాగుతుంది. రెండు బొటనవేళ్ళూ కలిసి ఒక్క ఊపు, అంతే, కాలు నేలకు ఆనుతుంది. ఆ ఊపును చూడడానికే కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆవిడ గదికి వచ్చేవారు. మాలియోలస్ అన్న మాట ఆవిడ ఇంట్లో తిట్టుగా కూడా మారింది, గుమ్మానికి కాలు తగిలితే "అమ్మా నా మాలియోలస్" అని కూతురు గంతులేస్తుంది, మొగుడు ఏదైనా మరిచిపోయి వస్తే "ఆయనకి బుర్రలో బుల్లి సుత్తి కూడా లేదు" అని ఈవిడ అంటుంది.

మేస్త్రీ కంచు కరుగుతున్న మూస మీద మూత ఎత్తి చూశాడు, ముఖం మీద ఎర్రటి వెలుగు పడింది, తల అడ్డంగా ఊపి మూత వేశాడు. ఇంకా లేదు. కానీ కానీ. ఈల టీచర్ బొమ్మలో తనకు అన్నిటికంటే నచ్చింది నడుము. ఆవిడ కుంటుతుంది కదా, ఎడమకాలి మీద పూర్తి బరువు వేయదు, అందుకని కుడి తుంటి బయటికి వచ్చి ఉంటుంది, ఎడమ భుజం పైకి లేచి ఉంటుంది, మెడ ఆ భుజానికి సర్ది చెబుతున్నట్టు కొంచెం అటు వాలి ఉంటుంది. ఇదంతా పెట్టింది, వెన్నెముక వంపు కూడా చొక్కా కింద తెలిసేలా పెట్టింది. కమిటీ పెద్దాయన మట్టిబొమ్మను చూడడానికి వచ్చి, గది గుమ్మంలోనే ఆగిపోయి, చేతిలో సిగరెట్టు దాచేసుకున్నాడు. చిన్నప్పుడు కొలను వెనక సిగరెట్టు కాలుస్తూ టీచర్‌కు దొరికిపోయినవాడు. అంతకంటే పొగడ్త ఏం కావాలి? కుంటితనాన్ని ఎవరైనా దాస్తారు, తను దాచలేదు, ఆవిడ ఎలా ఉంటే అలా...

ఆవిడ ఎలా ఉంటే అలా. చూపు మళ్ళీ ఇటుక మీది కాలి దగ్గరికి వచ్చింది, వెళ్ళిపోబోయి ఆగింది. ఏదో సరిగ్గా లేదు. వెలుతురు, అనుకుంది. కొలిమి వెలుతురు కిందినుంచి పడుతుంది, నీడలు తలకిందులవుతాయి. కాలు ఇటుక మీద ఉంది, వంకరగా పెట్టింది, అందుకని. గ్లాసు కింద పెట్టి ముందుకు వంగింది. లోపలి గుబ్బ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. బయటిది లేదు. అంటే ఉండాల్సిన చోట లేదు. అక్కడ చదునుగా, నున్నగా చర్మం ఉంది, గుబ్బ దానికి పైన, లోపలిదాని ఎత్తున, ఇంకా కొంచెం పైనే, ఉబ్బి, అంచు తెలియకుండా, లోపల ఎముక విరిగి తనిష్టం వచ్చినట్టు అతుక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉంది, పాదం మొత్తం దానికింద బయటికి ఒరిగి ఉంది. అలా ఎందుకు ఉండదు మరి? విరిగిన కాలు కదా. ఊరంతటికీ తెలుసు. విరిగిన కాలు విరిగినట్టే ఉంటుంది. మరి తన మైనంలో? తన మైనంలో ఎడమకాలు ఎలా ఉంది? బుర్రకు గుర్తు రాలేదు, బొటనవేళ్ళకు గుర్తొచ్చింది. కింద. కాస్త కిందికి, కాస్త వెనక్కి, ఒక్క ఊపు. లక్షణంగా ఉంది.

ఒక్క క్షణం ఆవిడకు నవ్వొచ్చింది, నిజంగా, పైకే, టీచర్ కనురెప్ప కదిలింది కూడా. కుంటి నడక మొత్తం పెట్టింది, తుంటి పెట్టింది, భుజం పెట్టింది, మెడ పెట్టింది, కుంటడానికి కారణం పెట్టలేదు. అంత చక్కటి కాలు పెట్టుకుని ఆ బొమ్మ ఎందుకు కుంటుతోంది? సెలవు కోసం పిల్లలు కుంటినట్టు. తర్వాత నవ్వు పోయింది. ఎలా జరిగింది? ఎలా అంటే ఎలా, టీచర్ వచ్చి కూర్చున్న ప్రతిసారీ ఎడమకాలు స్టూలు కోడు వెనక పెట్టుకునేది, పైన తువ్వాలు వేసుకునేది, తడిసిన కాలు ఆరడానికని అనుకుంది తను. కుడికాలు చూసి చేసింది, కుడికాలికి అద్దం పట్టి ఎడమకాలు చేసింది. చూసి చేసింది కాదది, తెలిసి చేసింది. పైగా, ఇదింకా ఘోరం, ఆ కాలు చేస్తున్న రోజే టీచర్ తన కాలి కథ చెప్పింది. ఊరు అనుకునే కథ వేరు, ఖాళీ చేస్తున్న కొలనులో పిల్లెవరో జారిపడితే టీచర్ పైనుంచి దూకేసిందని, కాలు విరిగినా పిల్లను వదల్లేదని. ప్రతి ఇంట్లోనూ ఆ పిల్ల తమ పిల్లే. టీచర్ కిసుక్కున నవ్వి, అదేం కాదే, మా ఇంట్లో స్నానాలగదిలో సబ్బు మీద కాలేశాను, తువ్వాలు అందుకోబోయి, అంది. బెణికిందిలే అని గుడ్డ కట్టుకుని మర్నాడు కొలనుకు వెళ్ళిపోయింది, కొత్త బ్యాచి మొదలయ్యే రోజు, మానితే భయపడే పిల్లలు మళ్ళీ రారు. నీళ్ళలో నొప్పి తెలిసేది కాదట. ఏళ్ళ తర్వాత ఎవరో డాక్టరు ఎక్స్‌రే చూసి, బయటి మాలియోలస్ విరిగింది, అప్పుడు ఎవరికి చూపించారు అని అడిగితే, నేనే చూసుకున్నానండీ అందట. అదేం మాటే, మాలియోలస్ అంటే, అని ఈవిడను అడిగింది. ఈవిడ చేతులు ఆపకుండా చెప్పింది, బుల్లి సుత్తి టీచర్, లాటిన్ మాట, లోపల లావెముక కొస, బయట సన్నెముక కొస, అని వివరంగా, గొప్పగా, ఎముకల డాక్టరు గొంతుతో సహా చెప్పింది. చెబుతూ చెబుతూ విరిగిన ఎముకను బొటనవేళ్ళతో సాపుచేసి పారేసింది. ఏ డాక్టరూ చేయలేని పని ఒక్క ఊపులో చేసింది.

సరే, అయితే ఏమైంది? ఆవిడ తనను తాను బతిమాలుకునే రకం కాదు, వాదించుకునే రకం. వాదించుకుంది. ఎవరు చూస్తారు? గేటు దగ్గర నిలబెట్టిన బొమ్మ చీలమండ చూసేది ఊళ్ళో తనొక్కతే. టీచర్ మట్టిని చూసింది, మైనాన్ని చూసింది, ఒక్క మాట అనలేదు; కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఇప్పుడు ఆపితే ఆ కాలు మళ్ళీ మైనం చేయాలి, మళ్ళీ అచ్చు కట్టాలి, అది ఆరాలి, కాలాలి, మళ్ళీ పోత. కొలను తెరిచే రోజుకు గేటు దగ్గర ఖాళీ దిమ్మె. ఇచ్చిన మాట పోతుంది, అదొకటైతే, ముసుగు తీయడానికి టీచర్ కొత్త చొక్కా కుట్టించుకుంది, ఆ సంగతి దర్జీ దగ్గర తెలిసింది. పోనీ ఇప్పుడు పోసేసి, పండగంతా అయ్యాక, నెమ్మదిగా కోసి అతికించి సరిచేస్తే? చేయవచ్చు. చేయనని కూడా తెలుసు. మెరుస్తున్న కంచుకాలును, అందరూ ఫొటోలు దిగిన కాలును, ఒక్కతే రంపం పట్టుకుని వెళ్ళి కోసేంత సీను ఎవరికీ ఉండదు. రేపు, ఎల్లుండి, వాన తగ్గాక, అంటూ అది అలాగే ఉండిపోతుంది. చేతులు కాలినాక ఆకులు పట్టుకునే బేరం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించినవాడైనా నయం, వాడు ఒక కాలు తగ్గించాడు గానీ ఉన్న కాళ్ళను మార్చలేదు.

చూస్తారు. అదే ఆవిడను ఆపింది. ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు చెవుల్లోంచి వచ్చింది. తడి గచ్చు మీద ఒక అడుగు గట్టిగా, రెండో అడుగు ఈడ్చి, గట్టిగా, ఈడ్చి. తను కొలను అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చచ్చిపోతాను ఇవాళ, ఖాయం, ఈ బుడ్డపిల్లల ముందు చచ్చిపోతాను అనుకుంటున్నప్పుడు వెనక నుంచి ఆ చప్పుడు వచ్చేది, వచ్చి తన తల దగ్గర ఆగేది. కళ్ళు తెరిస్తే ముందు కనిపించేది ముఖం కాదు, నీళ్ళలో ఉన్నవాళ్ళకు ముఖం అందదు. పాదాలు. ముక్కుకు బెత్తెడు దూరంలో టీచర్ పాదాలు, ఎడమది బయటికి ఒరిగి, ఆ వంకర గుబ్బ మీద నీటిచుక్కలు. "చెయ్యి వదులు" అని పైనుంచి మాట. వదిలింది. మునిగిపోలేదు. ఆ కొలనులో ఈత నేర్చుకున్న ప్రతివాడూ చెయ్యి వదిలింది ఆ కాలిని చూస్తూనే. కమిటీ పెద్దాయన సిగరెట్టు దాచింది ముఖాన్ని చూసి అయ్యుండవచ్చు, కానీ అతనైనా మొదటిసారి నీళ్ళలో ఊపిరి పీల్చింది ఆ చీలమండ ముందే. కొత్త కొలనుకు వచ్చే పిల్లలకు ఎంత ఎత్తు ఉంటుంది? బొమ్మ దిమ్మె ఎక్కితే వాళ్ళ కళ్ళెదుట ఉండేది ఏది? ఊళ్ళో ఒక్కరు కూడా ఇది తప్పు అని చెప్పలేకపోవచ్చు. ఏదో దూరమైందని మాత్రం అందరికీ తెలుస్తుంది. తనకే తెలియలేదా, ఇటుక మీద వెలుతురు పడగానే?

"అమ్మా, కరిగింది," అన్నాడు మేస్త్రీ. మూత తీసేశాడు, పైన తేలిన మడ్డిని పొడుగు గరిటెతో పక్కకు లాగుతున్నాడు, మనుషులిద్దరు పటకార్లు పట్టుకుని మూసకు అటూ ఇటూ నిలబడ్డారు. లోపల కంచు నారింజ రంగులో, నీళ్ళంత పలచగా ఊగుతోంది. ఇక ఆగదు. కరగడానికి ఎంతసేపైనా తీసుకుంటుంది గానీ కరిగాక మనకు ఆలోచించుకునే టైము ఇవ్వదు. ఆవిడ లేచి నిలబడింది.  తప్పు చేయడం ఆవిడకు అలవాటు లేదు, కానీ చేశాక దాన్ని తప్పు అనడానికి భయమూ లేదు.

"మేస్త్రీ, మూడు అచ్చులే పోయండి. ఎడమకాలు వద్దు."

మేస్త్రీ గరిటె గాల్లోనే ఆగింది. "వద్దంటే?"

"వద్దు. కాలు తప్పు చేశాను. మిగిలిన కంచు దిమ్మలు పోసేయండి."

"అచ్చు కాలి సిద్ధంగా ఉందమ్మా. వచ్చేవారం ముసుగు..."

"తెలుసు. కమిటీకి నేను చెప్పుకుంటాను."

అతను ఆవిడ ముఖం ఒకసారి చూశాడు.  మూడు, అని తన మనుషులకు వేళ్ళతో చూపించాడు, మూస పైకి లేచింది.

"ఎందుకాపావే?" అంది వెనక నుంచి ఈల టీచర్. ఎప్పుడు లేచిందో, లేక అసలు నిద్రే పోలేదో.

బొమ్మలావిడ తిరిగి, ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. "టీచర్, మీ ఎడమకాలు బాగున్న కాలులా చేసేశాను. నడుమంతా మీదే, కాలు మీది కాదు. నేనిప్పుడే చూశాను."

"నేను ఎప్పుడో చూశాను."

"మట్టిలోనే?"

"మట్టిలోనే. నువ్వు టీ తాగడానికి బయటికెళ్ళినప్పుడు దగ్గరికెళ్ళి చూశా." టీచర్ కాసేపు ఈల తాడును వేలికి చుట్టుకుంది. "బాగుందే. చక్కగా ఉంది. నాకు పెళ్ళి కాకముందు అలాగే ఉండేది కాలు. చెబితే మార్చేస్తావని ఊరుకున్నా."

మొండెం అచ్చులోకి కంచు దిగుతున్న చప్పుడు వినిపించింది, కుండలోకి నీళ్ళు పోసినట్టు.  ఇది బొమ్మలావిడ వాదనల్లో ఎక్కడా లేదు. టీచర్ కాలు తువ్వాలు కింద ఎందుకు దాచిందో తను ఒక్కసారి కూడా అడగలేదు. చేతకానివాళ్ళను నీళ్ళలోకి తోసేసి ఒడ్డున నవ్వుతూ నిలబడే ఈ మనిషికి దాచుకునేది ఒకటి ఉంటుందని తోచనే లేదు. ఇప్పుడు తను ఆపింది కంచును కాదు, ఒక ముసలావిడ ముచ్చటను. ఇంకో రెండు నిమిషాల్లో మూస చల్లబడుతుంది. పోయమంటే ఇప్పటికీ పోయవచ్చు.

"పోయించమంటారా?" అంది. "మీ కాలు టీచర్. మీరు ఊ అంటే పోయిస్తాను. నిజంగానే."

 టీచర్ ఇటుక మీది కాలును ఎవరిదో అన్నట్టు చూసుకుంది, వేళ్ళు ఆడించింది.

"పిల్లలు గుర్తుపట్టరంటావా?"

"గుర్తుపడతారు. అంతా మీరే. అక్కడికొచ్చేసరికి మాత్రం ఇంకెవరో."

"నువ్వు నీళ్ళలో దీన్నే చూసేదానివి," అంది టీచర్, కోపంగానో నవ్వుతూనో తెలియకుండా. "నేను ఎన్నిసార్లు పైకి చూడవే, నా మొహం చూడవే అని అరిచినా దీన్నే చూసేదానివి. ఇంతసేపు చూసి, చివరికి ఎవరి కాలో చేశావు."

"అవును టీచర్."

మేస్త్రీ మూడో అచ్చు నింపి, ఇటు చూశాడు. మూసలో అడుగున ఇంకా ఎర్రగా ఉంది. ఈల టీచర్ అతని వైపు తిరిగి, కొలను ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించే గొంతుతో, "ఇంక చాలయ్యా!" అంది. అతను తల ఊపి, మిగిలిన కంచును ఇసుకలో తీసిన గాడుల్లోకి వంచేశాడు. అది కాసేపు వెలిగి, అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది.

టీచర్ ప్యాంటు అంచు పిక్కదాకా మడిచింది. ఎడమకాలు ఇటుక మీంచి తీసి, మసి పట్టిన బొమ్మలావిడ ఒళ్ళో పెట్టింది. చేతులు చాపి కుర్చీ అంచులు పట్టుకుంది, సూది వేయించుకునేవాళ్ళు పట్టుకున్నట్టు.

"ఊ. ఈసారి చూసి చెయ్యి."

బొమ్మలావిడ రెండు బొటనవేళ్ళూ ఆ చీలమండకు రెండు వైపులా పెట్టింది. ఎడమది లోపలి గుబ్బ మీద సరిగ్గా వాలింది. కుడిది తన అలవాటు ప్రకారం కాస్త కిందికి, కాస్త వెనక్కి వెళ్ళింది. అక్కడ ఎముక లేదు, మెత్తగా ఉంది. ఆవిడ కళ్ళు ఆ కాలి మీంచి తీయకుండా వేలిని నెమ్మదిగా పైకి జరుపుకుంటూ వెళ్ళింది, ఇంకొంచెం, ఇంకొంచెం, టీచర్ ఊపిరి బిగబట్టేదాకా.